పూవులలోని రంగులు: ఆచార్య శేషాద్రి

సిద్దిపేట జిల్లాయందలి తొగుట గ్రామ పరిసరములలో వానకాలము చివరి దినములందు నడచి చూచిన యెడల పూవులు లేని చేను కనబడుట యరుదు. పత్తిచేలు పూతతో నిండియుండును. బతుకమ్మ పండుగ దగ్గరపడుటచే బంతిమొక్కలు విరగబూచియుండును. గట్లవెంబడి నారకొఱకు చల్లిన గోగు నిలువెత్తుకు మించి పెరిగి, నడుమ ఎఱ్ఱని మచ్చగల లేతపసుపు పూవులను విప్పుచుండును. ఆడపడుచులు బంతిపూలను కోసి తెచ్చి బతుకమ్మలో పేర్చుదురు. పత్తిపూవును, గోగుపూవును మాత్రము ఎవ్వరును లెక్కపెట్టరు. అవి పూచిన చోటనే వాడి రాలిపోవును.

ఈ మూడు పూవులయందును పసుపువన్నెగల పదార్థములు కొన్ని కలవు. వానిని వర్ణకములందురు. ఒక్కొక్క పూవునుండి ఒక్కొక్క వర్ణకము నేర్చి శుద్ధిచేసి, కాల్చి, తూచి, లెక్కకట్టిన రసాయనశాస్త్రజ్ఞునకు ఒక వింత కనబడును. మూడింటికిని లెక్క యొకటే. ప్రతి యణువునందును కర్బన పరమాణువులు 15, ఉదజని పరమాణువులు 10, ఆమ్లజని పరమాణువులు 8. అయినను ఆ మూడును ఒకే పదార్థము కాదు. ఒకటి కరగు వేడికి మఱియొకటి కరగదు. క్షారము కలిపినపుడు ఒకటి చూపు రంగు మఱియొకటి చూపదు. లెక్క యొకటి, పదార్థములు మూడు. ఇది యెట్లు పొసగును?

ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుటలో జీవితమునంతను గడపిన మహనీయుడు ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు. వారు పుట్టుకచే తెలుగువారు కారు. కాని వారి పరిశోధనలలో మిక్కిలి విలువగల భాగము తెలుగునేలపై, వాల్తేరులో, మన పొలములలోని పూవులతోను మన యువకుల సహాయముతోను జరిగినది. అందువలన వారి చరిత్ర మనకును సొంతమే.

శేషాద్రిగారు 1900 సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన కావేరీ తీరమునందలి కుళిత్తలై యను ఊరిలో జన్మించిరి. అది నాటి తిరుచిరాపల్లి జిల్లాలోనిది. తండ్రిగారు ఉపాధ్యాయులు. ఇంట ధనము లేకపోయినను చదువునకు లోటు లేదు. శ్రీరంగమునను, తిరుచిరాపల్లిలోను పాఠశాల చదువు ముగించి, 1917లో శేషాద్రిగారు చెన్నపట్టణము చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించిరి. ఆ నగరమున రామకృష్ణ మిషను వారి ఆదరణ వారికి లభించినది. ఇతరుల సహాయమున చదువుకొన్న బాలుడు పెద్దవాడైన పిమ్మట రెండు త్రోవలలో నేదేని యొకటి పట్టును. సహాయమును మఱచుట యొకటి; దానిని ఋణముగా నెంచి మఱియొకరికి తీర్చుట రెండవది. శేషాద్రిగారు రెండవ త్రోవ పట్టిరి. పట్టభద్రులైన తోడనే ఒక సంవత్సరకాలము మిషను సేవలోనే గడపి, అటుపిమ్మట పరిశోధనకు పూనుకొనిరి.

ప్రెసిడెన్సీ కళాశాలలో వారికి గురువు విమన్ బిహారీ డే అను వంగదేశీయుడు. ఆయనయొద్ద శేషాద్రిగారు ప్రయోగశాల పనియందు చేయి తిప్పుకొనిరి. 1927లో మద్రాసు ప్రభుత్వమువారి విద్యార్థివేతనము లభింపగా ఇంగ్లండునకు పోయి, మాంచెస్టరు విశ్వవిద్యాలయమున రాబర్ట్ రాబిన్సన్ పండితుని శిష్యులైరి. రాబిన్సన్ ఆ కాలమున పూవులకు ఎఱుపును నీలమును ఇచ్చు పదార్థముల నిర్మాణమును వెదకుచు, వానిని ప్రయోగశాలలో తయారుచేయుటకు యత్నించుచుండెను. తరువాత 1947లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. శేషాద్రిగారు ఆయనయొద్ద రెండు సంవత్సరములు పనిచేసి 1929లో డాక్టరు పట్టము నందిరి. పూవుల రంగుపై వారికి గలిగిన మక్కువ మఱి వదలలేదు.

ఇంగ్లండునుండి తిన్నగా స్వదేశమునకు రాక, వారు ఆస్ట్రియా దేశమున గ్రాట్స్ నగరమునందున్న ఫ్రిట్స్ ప్రెగెల్ కడకు పోయిరి. ప్రెగెల్ 1923లో నోబెల్ బహుమానము నందిన పండితుడు. ఆయన సాధించిన దేమనగా, కొలది మిల్లీగ్రాముల పదార్థముతోనే దానియందలి మూలకముల పాళ్లను కచ్చితముగా కనుగొను విధానము. పదార్థమును ఆమ్లజనిలో కాల్చిన యెడల అందలి కర్బనము బొగ్గుపులుసు గాలిగా మాఱును, ఉదజని నీరుగా మాఱును. ఆ గాలిని, ఆ నీటిని పట్టి తూచినచో మూలకముల లెక్క తేలును. ప్రెగెల్‌కు పూర్వము ఇందులకు వలసిన పదార్థము చాల యెక్కువ. గంపెడు పూవులనుండి చిటికెడు వర్ణకమును మాత్రమే పొందగల శాస్త్రజ్ఞునకు ఈ విద్య వరమువంటిది. శేషాద్రిగారు దానిని నేర్చి, పిమ్మట ఎడింబరోలో జార్జి బార్జర్ అను పండితునియొద్ద కొంతకాలము పనిచేసి, 1930లో భారతదేశమునకు మరలివచ్చిరి.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతిని గుర్తింపవలెను. ప్రెగెల్ నేర్పిన విద్య వలన పదార్థముయొక్క అణుసూత్రము తెలియును. అనగా అణువునందు ఏ పరమాణువులు ఎన్ని యున్నవో తెలియును. కాని అవి యెట్లు అమరియున్నవో తెలియదు. ఈ రెంటికిని నడుమగల వ్యత్యాసమే శేషాద్రిగారి జీవితకార్యమునకు మూలము.

తెలుగు అక్షరములతోనే ఈ విషయమును వివరింపవచ్చును. తకారము, లకారము అను రెండక్షరములను తీసికొనుడు. ఒక వరుసలో కూర్చిన తల యగును. మఱియొక వరుసలో కూర్చిన లత యగును. అక్షరములు అవియే, సంఖ్యయు అదియే. అర్థములు మాత్రము వేఱు. పరమాణువులును ఇట్లే. రెండు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు ఒక తీరున కలిసినచో సారాయియందలి ఆల్కహాలగును. అది ద్రవము, 78 డిగ్రీల సెంటిగ్రేడు వేడియొద్ద మరగును. అవే పరమాణువులు మఱియొక తీరున కలిసినచో డైమిథైల్ ఈథర్ అను వాయువగును. ఒకే అణుసూత్రము కలిగి, అమరికలో భేదించు ఇట్టి పదార్థములను అణుసాదృశ్యకములని మన శాస్త్రగ్రంథములు పేర్కొనుచున్నవి.

ఈ సంగతి మొదట తెలియవచ్చిన తీరు వినదగినది. 1820 దశకమున జర్మనీ దేశీయులగు ఫ్రెడరిక్ వోలర్, యూస్టుస్ లీబిగ్ అను ఇద్దరు యువకులు వేఱువేఱుగా రెండు వెండి లవణములను పరిశీలించిరి. వోలర్ పరిశీలించిన సిల్వర్ సయనేటు పేలునది కాదు. లీబిగ్ పరిశీలించిన సిల్వర్ ఫుల్మినేటు కొంచెము తాకినను భయంకరముగా పేలునది. కాని రెంటి లెక్కయు ఒకటే యని తేలెను. మొదట లీబిగ్ రెండవవాని లెక్కను శంకించెను. పిమ్మట తానే స్వయముగా పరీక్షించి, ఇద్దరి లెక్కయు సరియైనదే యని ఒప్పుకొనెను. అది మొదలుగా వారిద్దరును ప్రాణమిత్రులైరి. స్వీడను దేశీయుడగు బెర్జీలియస్ 1830లో ఇట్టి పదార్థములకు సమభాగములు కలవి యను అర్థమిచ్చు గ్రీకు మాటలతో ఐసోమర్ అని పేరు పెట్టెను.

ఇక శేషాద్రిగారి చరిత్రకు వత్తము. స్వదేశమునకు వచ్చిన పిమ్మట వారు కొలదికాలము కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేసిరి. అటుపిమ్మట సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నున్న దినములలో వాల్తేరు చేరి, రసాయనశాస్త్ర శాఖ బాధ్యతను వహించిరి. ఆ విశ్వవిద్యాలయము 1926లో స్థాపింపబడినది. జయపుర సంస్థానాధీశులగు విక్రమదేవవర్మగారి దానముచే అచ్చట విజ్ఞానకళాశాల వెలసెను. ప్రయోగశాలలు క్రొత్తవి, పరికరములు కొలది. విదేశములలోని ధనిక విశ్వవిద్యాలయములతో పోటీపడదగిన సంపత్తి అచ్చట లేదు.

ఆ స్థితిలో శేషాద్రిగారు ఒక తెలివైన నిశ్చయమునకు వచ్చిరి. ఖరీదైన పదార్థములను విదేశములనుండి తెప్పింపవలసిన పరిశోధన మనవంటివారికి తగదు. మన నేలపై విరివిగా దొరకునది, విదేశీయులకు సులభముగా దొరకనిది ఏదియో దానినే పరిశోధింపవలెను. అట్టివి చెట్లు, పూవులు, గింజలు, బెరడులు. ఈ నిశ్చయముతో వారు పత్తిపూవులను, గోగుపూవులను, ఎఱ్ఱగోంగూర పూవులను, కానుగ గింజలను, మసాలాలో వేయు రాతిపువ్వును ప్రయోగశాలకు తెప్పించిరి. ఇతరులు తొక్కి నడచిపోవు పూరేకులు వారి బల్లపై శాస్త్రవస్తువులైనవి.

పని యెట్లు సాగెడిదో చెప్పుదును. పూరేకులను ఎండబెట్టి వేడి ఆల్కహాలులో నానవైతురు. రంగు ఆల్కహాలులోనికి దిగును. దానిని వడగట్టి, చిక్కబడునట్లు మరిగించి, ఇతర ద్రవములతో కడిగి, మైనమును జిగురును తొలగింతురు. పూవులయందు వర్ణకము తఱచుగా చక్కెరతో కూడియుండును. ఆమ్లముతో కాచినచో చక్కెర విడిపోయి వర్ణకము మిగులును. దానిని మాటిమాటికి కరగించి, మెల్లగా చల్లార్చి, స్ఫటికములుగా పొందుదురు. ఇంత శ్రమకు ఫలముగా దొరకునది స్వల్పమైన పసుపుపచ్చని పొడి. ఒక్క పొరపాటున అది వ్యర్థమైనచో మరల పూవులు పూయువఱకు వేచియుండవలెను.

పత్తిపూవునందలి గాసిపెటిన్ అను వర్ణకమును ఆర్థర్ జార్జి పెర్కిన్ అను ఆంగ్లపండితుడు అంతకు పూర్వమే భారతదేశపు పత్తిపూవులనుండి వేఱుచేసియుండెను. బంతిపూవునందు దాని కాషాయవన్నెకు కారణమగు పదార్థము వేఱే యున్నను, దానితోపాటు క్వెర్సెటాజెటిన్ అను పసుపు వర్ణకము కూడ కలదని 19వ శతాబ్దముననే తెలిసినది. గోగుపూవునందలి వర్ణకమును శేషాద్రిగారును వారి శిష్యులును వెలికి తీసిరి. దానికి కన్నబిసెటిన్ అని పేరు పెట్టబడినది. ఈ మూడింటికిని అణుసూత్రము ఒకటే.

వీని నిర్మాణమును ఒక ఇంటితో పోల్చి తెలిసికొనవచ్చును. అణువునందు మూడు వలయములు కలవు. అందు రెండు నడిమి గోడ యొకటే గల రెండు గదులవలె అంటుకొని యుండును. మూడవ వలయము ప్రక్కవసారావలె ఒకచోట మాత్రము కలిసియుండును. ఈ ఇంటి మూలలకు శాస్త్రజ్ఞులు అంకెలు వేసియున్నారు. కొన్ని మూలలయందు ఆమ్లజని, ఉదజని కలిసిన హైడ్రాక్సిల్ అను జంటలు దీపములవలె అమరియుండును. ఉల్లిపొట్టునకు రంగునిచ్చు క్వెర్సెటిన్ అను పదార్థమునందు ఇట్టి దీపములు ఐదు. ఆరవ దీపమును ఎచ్చట నుంచవలెను? 8వ మూలనుంచిన యెడల అది పత్తిపూవు గాసిపెటిన్ అగును. 6వ మూలనుంచిన యెడల బంతిపూవు క్వెర్సెటాజెటిన్ అగును. ప్రక్కవసారాలో నుంచిన యెడల గోగుపూవు వర్ణకమగును. దీపముల సంఖ్య మాఱలేదు. చోటు మాత్రము మాఱినది. చోటు మాఱుటతోనే పదార్థము మాఱినది.

కన్నులకు కనబడని ఆ దీపమెచ్చట నున్నదో కనుగొనుట యెట్లు? నేటి ప్రయోగశాలలయందు ఆ పనిని కొలది నిమిషములలో చేయగల యంత్రములు కలవు. 1930 దశకమున అట్టివి లేవు. అణువును క్షారముతో విఱుగగొట్టి, ముక్కలను గుర్తుపట్టి, వానిని మనస్సులో మరల అతుకవలసియుండెను. పగిలిన కుండపెంకులను చూచి కుండయాకారమును చెప్పు కుమ్మరివలె శాస్త్రజ్ఞుడు ఊహింపవలెను. పత్తి, బంతి వర్ణకములను విఱుగగొట్టినచో ప్రక్కవలయమునుండి వచ్చు ముక్కపై రెండు జంటలే కనబడును. గోగు వర్ణకమునుండి వచ్చు ముక్కపై మూడు జంటలు కనబడును. అది కరక్కాయలలోని గాలిక్ ఆమ్లమునకు దగ్గరి చుట్టము. దీనితో గోగు తక్కిన రెంటినుండి వేఱుపడినది. ఇక పత్తికిని బంతికిని గల భేదమేమి? గాసిపెటిన్‌నందు 5, 8 మూలలలోని జంటలు ఎదురెదురుగా నుండుటచే తగిన రసాయనము తాకినంతనే అది గాసిపెటోన్ అను క్రొత్త పదార్థముగా మాఱును. బంతిపూవు వర్ణకమున అట్టి ఎదురుజంట లేదు.

అంతటితోను శేషాద్రిగారికి తృప్తి లేదు. ఊహించిన నిర్మాణము నిజమేయైనచో, ఆ నిర్మాణము గల పదార్థమును చేతితో తయారుచేసి చూపవలెను. తయారైన దానిని పూవునుండి తీసినదానితో కలిపి కరగింపవలెను. రెండును ఒకటే యైనచో మిశ్రమము అదే వేడియొద్ద కరగును. వేఱైనచో ముందుగానే కరగిపోవును. ఈ పరీక్షకు నిలిచినదానినే వారు సత్యమని యంగీకరించెడివారు. కన్నబిసెటిన్ విషయమున ఇట్టి పరిశీలనయే జరిగినది. అది క్రొత్త పదార్థము కాదనియు, హిమాలయ ప్రాంతములందు పెరుగు కాయఫల వృక్షపు పట్టలో పూర్వమే కనుగొనబడిన మిరిసెటిన్ అనియు తేలినది. క్రొత్త పేరు విడువబడినది. క్రొత్తదానిని కనుగొంటిమన్న కీర్తి కన్న ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటయే శాస్త్రమునకు మేలు. ఎఱ్ఱగోంగూర పూవులో మాత్రము ఏడు జంటలు గల హిబిసెటిన్ అను నూతన వర్ణకము వారికి లభించినది.

ఈ మార్గమున మఱియొక ప్రమాదము పొంచియుండెను. ఇట్టి పదార్థములను ప్రబలమైన ఆమ్లముతో కాచునపుడు ఒక్కొక్కప్పుడు నడిమి వలయము విడిపోయి, మఱియొక తీరున మూసికొనును. 8వ మూలనున్న జంట ఆ మార్పుచే 6వ మూలకు చేరినట్లగును. పాత్రలో వేసినది ఒక పదార్థము, తీసినది దాని అణుసాదృశ్యకము. లెక్క మాత్రము మాఱదు. కావున కాల్చి తూచినను ఈ మోసము బయటపడదు. ఈ మార్పును 1930లో వియన్నా నగరమున వెస్లీ, మోజర్ అనువారు కనుగొనిరి. దీనిని గమనింపనివాడు తన పాత్రలో నున్నది బంతి వర్ణకపు జాతిదో, పత్తి వర్ణకపు జాతిదో తెలియక జీవితమంతయు తప్పులు వ్రాయవచ్చును. శేషాద్రిగారు ఈ మార్పును విస్తారముగా పరిశోధించి, ఎచ్చట అది జరుగునో, ఎచ్చట జరుగదో నిర్ణయించుటకు కృషిచేసిరి. అంతియే కాక, ప్రమాదమునే పనిముట్టుగా మార్చి, ఒక అమరిక గల పదార్థమునుండి మఱియొక అమరిక గలదానిని పొందుటకు దానిని వినియోగించిరి. ఉన్న పదార్థమునకే కావలసిన చోట ఒక క్రొత్త హైడ్రాక్సిల్ జంటను చేర్చు పద్ధతులను కూడ వారు రూపొందించిరి. ప్రకృతి పూవులలో ఒకదానినుండి మఱియొకదానిని ఎట్లు తయారుచేయుచున్నదో ఊహించుటకు ఆ పద్ధతులు దారి చూపినవి.

పని ఇట్లు సాగుచుండగా రెండవ ప్రపంచ యుద్ధము తూర్పుతీరమునకు వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. జనులు పట్టణము విడిచి పోయిరి. విశ్వవిద్యాలయపు భవనములు సైన్యము వశమైనవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలినది. ఎన్నో యేండ్లు శ్రమించి కూర్చుకొన్న ప్రయోగశాలను విడిచి, శేషాద్రిగారు క్రొత్తచోట మొదటినుండి ఆరంభింపవలసివచ్చెను. ఇట్టి సమయమున పరిశోధనను ఆపివేసి, యుద్ధము ముగియువఱకు వేచియున్నను ఎవ్వరును తప్పుపట్టియుండరు. కాని శిష్యుల భవిష్యత్తు వారి చేతిలో నుండెను. ఉన్న గాజుపాత్రలతో, దొరకిన రసాయనములతో వారు పనిని కొనసాగించిరి. గోగు, గోంగూర పూవులపై వారు జరిపిన పరిశోధనలు ఆ యుద్ధకాలముననే ప్రకటింపబడుచు వచ్చినవి.

వారి శిష్యులలో కె. నీలకంఠము, పి. సూర్యప్రకాశరావు, ఎస్. రంగస్వామి, ఎల్. రామచంద్రరావు మొదలగువారు శాస్త్రలోకమున పేరొందిరి. శేషాద్రిగారు వాల్తేరు విడిచిన పిమ్మటను అచ్చట మొక్కల రసాయనశాస్త్రము ఆగలేదు. గురువు పోయినను విద్య నిలిచినదనిన, ఆ గురువు శిష్యులకు తన జ్ఞానమునే గాక తన పద్ధతిని కూడ ఇచ్చెనని యర్థము.

1949లో శేషాద్రిగారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు ఆహ్వానింపబడి రసాయనశాస్త్ర శాఖకు అధ్యక్షులైరి. అచ్చట వారు నెలకొల్పిన పరిశోధనా సంప్రదాయము ప్రపంచ ప్రసిద్ధి గాంచెను. 1960లో లండనునందలి రాయల్ సొసైటీ వారు వారిని సభ్యునిగా ఎన్నుకొనిరి. 1963లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో గౌరవించినది. 1967లో హైదరాబాదున జరిగిన భారత విజ్ఞాన మహాసభకు వారే అధ్యక్షులు. వారును వారి శిష్యులును ప్రకటించిన పరిశోధనా వ్యాసములు వేయికి పైబడినవి.

ఉద్యోగ విరమణ పిమ్మటను వారు పరిశోధన మానలేదు. 70 ఏండ్లు దాటిన వయస్సున వారి దృష్టిని ఆకర్షించినది మఱల తెలుగుదేశపు వృక్షమే. రాయలసీమ కొండలలో పెరుగు ఎఱ్ఱచందనమునకు ఆ రంగునిచ్చు శాంటలిన్ నిర్మాణమును వారు శిష్యులతో కలిసి పరిశోధించిరి. కావేరీ తీరమున పుట్టి, వాల్తేరున పెరిగిన ఆ విద్య ఢిల్లీలోను తెలుగునేలను మఱవలేదు. 1975 సెప్టెంబరు 27వ తేదీన శేషాద్రిగారు పరమపదించిరి.

శేషాద్రిగారు వెదకిన విషయము పూవులకు మాత్రమే సంబంధించినది కాదు. ద్రాక్షలోని గ్లూకోజు, తేనెలోని ఫ్రక్టోజు ఒకే అణుసూత్రము గలవి. కాని వాని తీపి ఒకటి కాదు. మందుల విషయమున ఈ భేదము మఱింత ముఖ్యము. ఒక అమరిక గల పదార్థము రోగమును మాన్పవచ్చును. అదే లెక్క గల మఱియొక అమరిక ఏ గుణమును ఇవ్వకపోవచ్చును, లేదా కీడు చేయవచ్చును. లెక్క సరిపోయినది కదా యని తృప్తిపడువాడు రోగి ప్రాణమునకు హాని తెచ్చును. కావున అమరికను కనుగొనువఱకు విశ్రమింపని శాస్త్రజ్ఞుని పట్టుదల పండితుల వేడుక కాదు. అది ప్రజలకు రక్షణ.

విద్యార్థులారా! తొగుటలో గాని మఱి యే గ్రామమున గాని మీరు బడికి పోవు త్రోవలో పత్తిచేను, గోగుగట్టు, బంతిమొక్క కనబడినపుడు ఒక్కక్షణము నిలిచి చూడుడు. ఆ మూడింటి రేకులలో ఒకే లెక్క గల మూడు వేఱు పదార్థములు దాగియున్నవి. వానిని చూచుటకు శేషాద్రిగారికి ఓడలు, విమానములు, బంగారము అక్కఱకు రాలేదు. పేదకుటుంబమున పుట్టి, పరుల సహాయమున చదివి, యుద్ధమున ప్రయోగశాలను కోల్పోయినను, చేతికందిన పూరేకులతోనే లోకము మెచ్చు పని చేసిరి. మన కాళ్లక్రింద రాలిపడు పూవునందును తెలిసికొనదగిన సత్యము కలదని వారి జీవితము మనకు నేర్పుచున్నది.